వరిగడ్డిలో స్ట్రాబెర్రీలు

పళ్ళ సంగతి నాకు ఇంకొకరు చెప్పాల్సిన అవసరం లేదని యాభై ఆరేళ్ళు వచ్చేదాకా గట్టిగా నమ్మాను. ఇప్పటికీ చాలామటుకు నమ్ముతాను. బత్తాయిలో రసం ఉందో లేదో చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. సీతాఫలం కన్ను విచ్చిందో లేదో బండికి నాలుగు అడుగుల దూరం నుంచే చెప్పగలను. సపోటాని గోటితో గీరి చూస్తాను, బండివాడు గొణుక్కుంటాడు, నేను వినిపించుకోను. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, గొణుగుడు నాకు కొత్తేమీ కాదు. ఒక్క స్ట్రాబెర్రీ దగ్గర మాత్రం తప్పులో కాలేశాను. ఆ తప్పు చేసినందుకు నాకు రవ్వంత కూడా విచారం లేదు.

ఈ పళ్ళ విద్య మా అమ్మది. చల్లపల్లి దగ్గర మా చేనుగట్టు మీద నాలుగు మామిడి చెట్లుండేవి. రెండు చిన్నరసాలు, ఒక బంగినపల్లి, ఒకటి ఊరగాయకి పనికొచ్చే పుల్లటి చెట్టు. కాయకి భుజాలు నిండుగా వచ్చాయని తను ఒప్పుకున్నాకే కోతకి సెలవిచ్చేది. ముచ్చిక ఊడకుండా గెడకి కట్టిన చిక్కంతో దింపాలి, ఊడితే సొన కారి కాయ మచ్చపడుతుంది. ఒక పూట నీడలో ఉంచి, వెనకగదిలో వరిగడ్డి పరిచి, కాయల మీద గడ్డి, గడ్డి మీద కాయలు వరసలుగా పేర్చి, పైన గోనెపట్టా కప్పేది. ఐదు రోజులు ఆ గది తలుపు ఎవరూ తియ్యకూడదు. మధ్యలో గడ్డి ఎత్తి చూస్తే ఆవిరి పోతుందనేది.

ఐదో రోజు గడ్డి తియ్యడానికి ఇంట్లో అందరూ ఉండాలి. అది కూడా అమ్మ పెట్టిన రూలే. నాన్న పొలం నుంచి రాకపోతే ఆగాల్సిందే. ఒకసారి మా తమ్ముడు నా మీద అలిగి పెదనాన్న వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నాడు. వాడు తిరిగొచ్చేసరికి ఎనిమిదో రోజయింది. అడుగువరస పళ్ళన్నీ చితికి గడ్డికి అంటుకుపోయాయి. అమ్మ వాటిని గంపకెత్తి గేదెకి పెట్టింది గానీ, వాడు రాకముందు మాత్రం గడ్డి మీద చెయ్యి వెయ్యలేదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది ఆవిడకి. గడ్డిలోంచి తీసిన మొదటి పండు, ఆ వారం తను ఎవరిని ఎక్కువ తిట్టిందో వాళ్ళ చేతిలో పెట్టేది. ఎందుకిస్తున్నదీ చెప్పేది కాదు. పుచ్చుకున్నవాళ్ళు కూడా ఏమీ అడిగేవాళ్ళు కాదు. ఎక్కువసార్లు ఆ పండు నాన్నకే దక్కేది. పొరపాటున నోరు జారాను అనడం అమ్మకి చేతకాదు. నాకూ చేతకాదు. ఆ గుణం నాకు ఎక్కడినుంచి వచ్చిందని మా ఆయన పెళ్ళయిన కొత్తలో అడుగుతుండేవారు, తర్వాత మానేశారు.

అమ్మ పోయిన ఆరునెలలకి తమ్ముడు ఆ నాలుగు చెట్లూ కొట్టించేశాడు. పొలాన్ని చేపల చెరువుగా తవ్వించాడు. నాతో ఒక్క మాట అనలేదు. మా ఊరావిడ ఒకరు బెంజిసర్కిల్ దగ్గర బస్సులో కనపడి, చెట్లు లేకపోతే గట్టు బోసిగా ఉందమ్మా అంటే నాకు తెలిసింది. ఆ ఆదివారం తమ్ముడు భవానీపురంలో మా ఫ్లాట్‌కి వచ్చాడు. కూర్చోమని కూడా అనకుండా గుమ్మంలోనే కడిగేశాను.

“అమ్మ నీళ్ళు మోసి పెంచిన చెట్ల మీద గొడ్డలి వేయించినవాడివి, ఇక నా గుమ్మం తొక్కకు” అన్నాను.

వాడు నా మొహంలోకి ఒకసారి చూశాడు. చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఎదురు తిరిగి నాలుగు మాటలు అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు, ఆ సాయంత్రానికే చల్లబడేదాన్ని.

వాడు నా మాటని అక్షరాలా పాటించాడు. చెరువులో చేపల పట్టుబడి జరిగినప్పుడల్లా నాలుగు శీలావతి చేపలు తెచ్చి కింద వాచ్‌మెన్‌కి ఇచ్చి వెళ్ళేవాడు. పైకి వచ్చేవాడు కాదు. నేను వాటిని తీసుకోకుండా, మీరే వండుకోండని వాచ్‌మెన్ భార్యకి చెప్పేదాన్ని. ఆవిడ ఒకసారి లిఫ్ట్ దగ్గర ఆగి, “మీ తమ్ముడుగారి చేప భలే రుచిగా ఉందమ్మా, మెంతులేసి పులుసు పెట్టాను” అంటే ఊఁ కొట్టి లిఫ్ట్ తలుపు వేసేశాను. వాడు ఏడాది నుంచి నా ఇంట్లో అడుగుపెట్టలేదు. నాకు మిగిలిన తోబుట్టువు వాడొక్కడే. వాడు రావాలి. అయితే రమ్మని పిలవడానికి నాకు నోరు పెగల్లేదు.

ఈ మాఘమాసంలో మరదలు ఫోన్ చేసింది.

“వదినగారూ, హనుమాన్ జంక్షన్ అవతల ఎవరో స్ట్రాబెర్రీలు వేశారంట. మన చేత్తో మనమే కోసుకోవచ్చంట. పాప ఒకటే గొడవ. ఆదివారం మీరూ అన్నయ్యగారూ కూడా రాకూడదూ?”

“వాడొస్తున్నాడా?”

“ఆయన రాకపోతే కారెవరు నడుపుతారండీ.”

నేను కాసేపు ఆలోచించాను. తోట నా గుమ్మమూ కాదు, వాడి గుమ్మమూ కాదు. కనుక అక్కడికి వెళ్ళడంలో ఎవరి మాటా తగ్గదు. సరేనన్నాను.

పొద్దున్నే బయలుదేరాం. మంచు పలచగా ఉంది. రోడ్డుకి రెండువైపులా మినప చేలు, అవి దాటితే చెరువులు. స్ట్రాబెర్రీ తోట అంటే చెట్లు కాకపోయినా కనీసం వంకాయ మొక్కంత ఎత్తయినా ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే పచ్చటి నెట్టు కింద అరెకరం, ఎత్తుగా పోసిన మట్టి బెడ్లు, వాటి మీద నల్ల ప్లాస్టిక్ షీటు, షీటుకి చేసిన కన్నాల్లోంచి నా చీలమండ దాటని మొక్కలు. పండు కోయాలంటే తల పైకెత్తడమే తెలిసినదాన్ని. ఇక్కడ నడుం వంచి ఆకులు తప్పించి వెతకాలి. ఇంత వంగితే గానీ దొరకని పండుకి ఇంత పేరెందుకొచ్చిందో అనుకున్నాను.

తమ్ముడు మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. “బాగున్నారా బావగారూ” అని మా ఆయన్ని పలకరించాడు. నావైపు చూసి తల ఆడించాడు. నేనూ ఆడించాను. ఏడాది తర్వాత కలిసిన అక్కాతమ్ముళ్ళం, బస్టాండులో ముక్కూమొహం తెలియనివాళ్ళలాగా తలలాడించుకుని ఊరుకున్నాం.

తోట అబ్బాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి. మొక్కలు మహాబలేశ్వరం నుంచి తెప్పించానని, చలి ఉన్న మూడు నెలలే కాపని, ఎలా కోయాలో చూపిస్తానని అందర్నీ ఒకచోట నిలబెట్టాడు. ఒకరు చెబుతుంటే నిలబడి వినే అలవాటు టీచర్లకుండదు. నేను మూడో వరసలోకి వెళ్ళిపోయాను. అతను ఏం చెప్పాడో మిగతా నలుగురూ విన్నారు, నేను వినలేదు.

మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు తప్పిస్తున్నాను. పక్క వరసలో తోట అబ్బాయీ, మా తమ్ముడూ మాట్లాడుకుంటూ వచ్చారు. మధ్యలో బెడ్డు ఎత్తుగా ఉంది, నేను వంగి ఉన్నాను. వాళ్ళకి కనపడలేదు.

“బెడ్లు ఇంత ఎత్తెందుకు పోశారండీ?” అన్నాడు తమ్ముడు.

“చుట్టూ చెరువులేగదండీ. కింద నుంచి ఊట వస్తది. వేర్లలో నీళ్ళు నిలబడితే రెండ్రోజుల్లో మొక్క పోద్ది.”

“మొక్కలేంటండీ, చెట్లే పోతయ్యి. మా మామిడి చెట్లు అట్లాగే పోయినయ్యి. పక్క చేలవాళ్ళు మూడు పక్కలా చెరువులు తవ్వేసరికి మా చేలో నీళ్ళు దిగటం మానేసినయ్యి. రెండేళ్ళు ఆకు పసుపెక్కి, పైకొమ్మలెండిపోయి నిలబడ్డయ్యి పాపం. మా అమ్మ రోజూ వాటి కింద కూర్చుని చూసుకునేది. ఇవి ఇక లేవవురా, కానీ నా కళ్ళ ముందు కొట్టించబాక, నేను పోయాక కొట్టించెయ్యి, మోళ్ళు మాత్రం మీ అక్కకి కనపడనీయబాక అంది.”

ఆ అబ్బాయి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. వాళ్ళు ముందుకి వెళ్ళిపోయారు.

నేను లెక్క వేసుకున్నాను. చివరి రెండు వేసవులూ అమ్మని మా ఇంట్లోనే ఉంచుకున్నాను, ఊరు వెళ్ళే పని పడలేదు. అమ్మ కర్మలకి వెళ్ళినా చేనువైపు వెళ్ళలేదు. మేలో తమ్ముడు పంపిన పళ్ళు మన చెట్లవేనా అని అడిగితే అమ్మ “తిను ముందు” అనేది. అవి బజారు పళ్ళయి ఉంటాయని అప్పుడు తట్టలేదు. పళ్ళ సంగతి నాకొకరు చెప్పక్కర్లేదని తిరిగేదాన్ని.  లేచి వెళ్ళి, తప్పయిపోయిందిరా అంటే సరిపోయేది. అది చేతకాక, మళ్ళీ ఆకులు తప్పించి ఒక కాయ కోశాను.

అప్పుడు చేతిలో ఉన్న కాయని చూశాను. ముచ్చిక దగ్గర తెల్లగా, కొసన ఎర్రగా, భుజాలు నిండి ఉంది. మామిడి అయితే సరిగ్గా కోతకొచ్చిన కాయ. నాకు వెంటనే ఒక ఉపాయం తట్టింది. ఈ కాయల్ని గడ్డిలో వేస్తే ఐదో రోజు గడ్డి తియ్యాలి. గడ్డి తియ్యాలంటే ఇంట్లో అందరూ ఉండాలి. నేను పిలవనక్కర్లేదు, అమ్మ పద్ధతే వాడిని పిలుస్తుంది.

లేచి నిలబడి గొంతెత్తాను. “ఎర్రవి ఎవరూ కొయ్యకండి. సగం తెలుపున్నవి, ముచ్చికతో సహా కొయ్యండి. ఇంటికెళ్ళి మగ్గేద్దాం.”

మా ఆయన జేబులోంచి ఫోన్ తీశారు. “స్ట్రాబెర్రీలు మగ్గుతాయో లేదో ఒకసారి చూద్దామా?”

“ఫోన్‌ని అడిగి కాయలు మగ్గబెట్టే ఇంట్లో పుట్టలేదు నేను. ఆ చేత్తో నాలుగు కాయలు కొయ్యండి.”

తోట అబ్బాయి కంగారుగా నా దగ్గరికి వచ్చాడు. “అమ్మా, అయ్యి కోస్తే మళ్ళీ...”

“మాకు తెలుసులే బాబూ, మేం రైతులమే” అన్నాను.

అతను నన్ను వదిలేసి తమ్ముడి దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పాడు. చేతులు తిప్పుతూ రెండుసార్లు చెప్పాడు. తమ్ముడు విని తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ వంగి, సగం తెల్లగా ఉన్న కాయల్ని ఏరి ఏరి బుట్టలో వేయడం మొదలుపెట్టాడు. నేను చెప్పానని వాడు చేస్తుంటే, ఏడాదిలో మొదటిసారి నాకు ప్రాణం లేచొచ్చింది. మా మేనకోడలు మాత్రం ఎర్రవి దొరికినవి దొరికినట్టు అక్కడే నోట్లో వేసుకుంటోంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేశాను.

తోట పక్కనే కళ్ళంలో గడ్డివామి ఉంది. రెండు మోపులు అడిగి కారు డిక్కీలో పెట్టించాను. మొన్ననే కడిగించిన కారు, మా ఆయన మొహం చూడాలి. బయలుదేరేముందు, తమ్ముడికి వినపడేలా మరదలితో అన్నాను. “ఇవాళ వేస్తాను. వేసిన రోజు లెక్కలోకి రాదు. శుక్రవారం సాయంత్రానికి ఐదోరోజు. అమ్మ పద్ధతి తెలుసుగా, అందరూ ఉంటేనే తీస్తాను.”

తమ్ముడు కారు టైరు వైపు చూస్తూ నిలబడ్డాడు. 

మా ఫ్లాట్‌లో వెనకగది లేదు. వంటింటి పక్కన పాత సామాన్లు పడేసే చిన్నగది ఉంది. అందులో గడ్డి పరిచి, కాయలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, పైన గడ్డి వేసి, పాత దుప్పటి కప్పాను. మంగళవారం దాకా బాగానే ఉంది. బుధవారం పొద్దున గది ముందునుంచి వెళుతుంటే పులిసిన వాసన తగిలింది. మామిడి మగ్గే వాసన నాకు తెలుసు. ఇది ఆ వాసన కాదు.

“ఒకసారి ఎత్తి చూడరాదూ?” అన్నారు మా ఆయన, గదికి అటువైపు నుంచి.

“ఎత్తకూడదు” అన్నాను.

ఎత్తి చూస్తే కథ అక్కడితో అయిపోతుంది. పాడైన కాయల్ని పారబోసి, గది కడిగేసి, శుక్రవారం రావద్దని మరదలికి ఫోన్ చెయ్యాల్సి వస్తుంది. లోపల ఏమయిందో నా ముక్కుకి తెలుసు. అయినా శుక్రవారం దాకా ఆ తలుపు మూసే ఉంచాను. గురువారం అగరొత్తులు వెలిగించాను. మా ఆయనే అగ్గిపెట్టె అందించారు, అదీ ఆయన మంచితనం.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి మరదలూ, మేనకోడలూ పైకి వచ్చారు. వాళ్ళ వెనక ఎవరూ లేరు.

“వాడేడీ?”

“కింద కారు దగ్గరున్నారండీ” అంది మరదలు, నా మొహంలోకి చూడకుండా.

బాల్కనీలోకి వెళ్ళి చూశాను. నాలుగంతస్తుల కింద, వాచ్‌మెన్ కుర్చీ పక్కన, కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అంత దూరం వచ్చాడు. మిగిలినవి ఆ మెట్లే. ఆ మెట్లకి అడ్డంగా పడి ఉంది నా మాట. దాన్ని నేనే తియ్యాలి, అమ్మ పద్ధతి తియ్యదు. అపార్ట్‌మెంట్‌లో అందరూ వింటారేమోనని ఒక్క క్షణం ఆగాను. తిట్టినప్పుడు వినలేదా ఏంటి, వింటే విననీ అనుకున్నాను.

“ఒరేయ్” అని గట్టిగా కేకేశాను. “గడ్డి తియ్యాలి, పైకి రా.”

వాడు తలెత్తి చూశాడు. వాచ్‌మెన్ కూడా చూశాడు. లిఫ్ట్ కోసం ఆగలేదు, మెట్ల మీదుగానే వచ్చాడు. రొప్పుతూ తలుపు దగ్గర చెప్పులు విడిచి, గుమ్మానికి అవతలే ఆగిపోయాడు.

“అక్కడ నిలబడతావేంటి? తలుపు తీసి ఉంటే ఆవిరంతా పోతుంది, లోపలికి రా” అన్నాను.

గుమ్మం దాటి వచ్చాడు. నేను వెనక్కి తిరిగి గబగబా చిన్నగది వైపు నడిచాను, నా కళ్ళు ఎవరికీ కనపడకుండా.

దుప్పటి తీసి, గడ్డి ఎత్తాను. వాసనకి మేనకోడలు ముక్కు మూసుకుంది. కాయలన్నీ మెత్తబడి గడ్డికి అంటుకుపోయాయి. తెల్లగా ఉన్నచోట తెల్లగానే ఉన్నాయి, దాని మీద బూడిదరంగు బూజు. కొన్ని చేత్తో ముట్టుకుంటే చితికిపోయాయి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో బోర్డు మీద లెక్క తప్పు చేసినా ఇంత తలవంపుగా అనిపించి ఉండదు.

“నాన్న ముందే చెప్పాడు అత్తయ్యా” అంది మేనకోడలు. “ఇయ్యి చెట్టుమీదే పండాలంట, కోశాక పండవంట. ఆ తోట అంకుల్ అందరికీ చెప్పాడుగా.”

నేను తమ్ముడి వైపు తిరిగాను. “తెలిసీ ఎందుకు కోశావురా?”

“నువ్వు శుక్రవారం అందరూ రావాలంటావని తెలుసుగా” అన్నాడు.

 మా ఆయన మరదలికి మంచినీళ్ళిస్తానని హాల్లోకి వెళ్ళిపోయారు. మరదలు పాప చెయ్యి పట్టుకుని ఆయన వెనకే నడిచింది. చిన్నగది ముందు మేమిద్దరమే మిగిలాం.

“తోటలో నీ మాటలు విన్నాను” అన్నాను. “చెట్లు కొట్టించమని అమ్మే చెప్పిందని ఆ రోజే నాతో అనొచ్చు కదరా. ఏడాది పాటు నింద మోశావు.”

వాడు గడ్డిపోచ ఒకటి తీసి వేళ్ళకి చుట్టుకుంటున్నాడు. చిన్నప్పటి అలవాటు.

“చెబితే అమ్మ మీద కోపం తెచ్చుకునేదానివి, నీకు చెప్పకుండా నాకు చెప్పిందని. నా మీద కోపమైతే ఎప్పటికైనా పోద్ది. పోయినామె మీద కోపం ఎక్కడ తీర్చుకుంటావక్కా.”

నేను వంగి, ఆ గడ్డంతా వెతికాను. మూలగా, గోడవైపు, బూజు పట్టని కాయ ఒకటి దొరికింది. సగం ఎరుపు, సగం తెలుపు, కొంచెం వడిలింది. కొంగుతో తుడిచాను. వాడి చెయ్యి లాగి అరచేతిలో పెట్టాను.

వాడు దాన్ని చూశాడు. గడ్డిలోంచి తీసిన మొదటి పండు ఎవరికి ఇస్తారో మా ఇంట్లో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు.  ఏమీ అడగలేదు. ముచ్చిక తుంచి, మొత్తం నోట్లో వేసుకుని నమిలాడు. పులుపుకి ఒక కన్ను మూసుకుపోయింది.

“ఎలా ఉందిరా?”

“బాగుంది” అన్నాడు, ఆ కన్ను ఇంకా తెరవకుండానే.

“అబద్ధాలాడకు” అన్నాను. “ఈసారి పట్టుబడి ఎప్పుడు?”

“పదిహేను రోజుల్లో.”

“చేపలు వాచ్‌మెన్‌కి ఇవ్వకు. పైకి తీసుకురా.”